అరుగుదల లెక్క

మనలో చాలామందికి ఇనుముతో ఉన్న చుట్టరికం కారు బ్రేకులు మార్పించినప్పుడు మెకానిక్ చేతికిచ్చే బిల్లుతో మొదలై ఆ బిల్లుతోనే ముగుస్తుంది. మొన్నమొన్నటి దాకా నాదీ అంతే. కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి, ఆ తరవాత ఈఆర్‌పీ ప్రాజెక్టుల పేరుతో సూట్‌కేసు పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నవాణ్ణి. 2021 చలికాలంలో ఆర్కన్సా రాష్ట్రంలో ఒక కోళ్ళ దాణా మిల్లుకి స్టోర్సు, కొనుగోళ్ళు, మెయింటెనెన్సు మాడ్యూళ్ళు పెట్టే పని పడింది. బెంటన్‌విల్ పక్కన మన తెలుగువాళ్ళకి కొదవ లేదు కాబట్టి భోజనానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఒక చిన్న చెక్‌బాక్సుతో వచ్చింది.

స్టోర్సులో ఒక్కొక్క వస్తువుకీ ఒక రికార్డు ఉంటుంది కదా. ఒక వస్తువు దొరకకపోతే దాని బదులు ఏది వాడవచ్చో చెప్పటానికి "ప్రత్యామ్నాయం" అని ఒక గడి ఉంటుంది. ఆ మిల్లులో దాణాని గుళికలుగా చేసే యంత్రానికి "డై" అనే ఒక పెద్ద ఉక్కు కంకణం ఉంటుంది. స్టోర్సు జాబితాలో రెండు రకాల డైలు కనిపించాయి. రెండూ ఒకే యంత్రానివి. రెండింటికీ కన్నం వ్యాసం 4 మిల్లీమీటర్లు, మందం 65 మిల్లీమీటర్లు. ధరలో మాత్రం తేడా ఉంది. రెండూ ఒకటే అనుకుని వాటిని పరస్పర ప్రత్యామ్నాయాలుగా టిక్కు పెట్టాను. ప్రోగ్రాము తన ధర్మం ప్రకారం చవకైనదాన్ని ఆర్డరు చేసింది.

ఒక గురువారం రాత్రి దాన్ని బిగించారు. యంత్రం మొదలెట్టిన పది నిముషాల్లో మోటారు ఆంపియర్లు పైకి పోయి, లోపల దాణా ముద్ద కట్టి, యంత్రం ఆగిపోయింది. తలుపు తెరిచి, వేడివేడి ముద్దని పారతో తోడి, మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగాక మెయింటెనెన్సు ఫోర్‌మన్ ఒక మాట అని (అది ఈ పత్రికలో రాయతగ్గది కాదు) గొలుసు కప్పీతో ఆ డైని దింపించి, పక్కన పారేసిన పాత అరిగిపోయిన డైనే తిరిగి ఎక్కించాడు. తొమ్మిది గంటల పని పోయింది. ఇది సర్వరు డౌన్ అవటం లాంటిది కాదు. కోళ్ళ ఫారాల దగ్గర గాదెల్లో కొద్ది రోజుల దాణాయే ఉంటుంది. దాణా లారీ రాకపోతే షెడ్లలో ఉన్న వేల పిల్లలకి "కాసేపాగి ప్రయత్నించండి" అని మెసేజి చూపించలేం కదా. తెల్లవారుజామున ఎవరెవరికో ఫోన్లు చేసి, ఇంకో మిల్లునించి అరువు తెచ్చి గండం గట్టెక్కించారు.

మర్నాడు ఫోర్‌మన్ నన్ను కేకలేస్తాడనుకున్నాను. ఆయనకి అరవై దాటాయి, కుర్రతనం నించీ మిల్లులే ఆయన లోకం. కేకలెయ్యకుండా నా చేతికి ఒక టార్చి ఇచ్చి, "రా, నువ్వు టిక్కు పెట్టిందేమిటో చూద్దువుగాని" అన్నాడు. ఆ తరవాత రెండు నెలలు మధ్యాహ్నం పూట నాకు ఆయన దగ్గరే చదువు. ఈ వ్యాసం ఆ చదువులో నాకు ఒంటబట్టినంత మేర.

మొదట హ్యామర్ మిల్లు. మొక్కజొన్నని పొడి చేసేది ఇదే. పేరులో సుత్తి ఉంది కదా అని పిడీ తలకాయా ఊహించుకోకండి. సుత్తి అంటే ఇక్కడ అరచెయ్యంత పొడుగున్న చదును ఉక్కు పట్టీ, ఒక కొసన కన్నం. ఒక ఇరుసు చుట్టూ కొన్ని ఊచలు, ఆ ఊచలకి వరసగా గుచ్చిన పట్టీలు. ఇరుసు తిరిగినప్పుడు అవి బయటికి విచ్చుకుంటాయి. 38 అంగుళాల వ్యాసం ఉన్న చట్రం నిముషానికి 1,800 చుట్లు తిరిగితే సుత్తి కొస వేగం సెకనుకి 91 మీటర్లు, అంటే గంటకి 325 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంతో గింజ మీద దెబ్బ పడితే గింజ పగులుతుంది. పగిలిన నూక చుట్టూ ఉన్న ఉక్కు జల్లెడలోంచి బయటికి పోతుంది. పోలేనిది మళ్ళీ దెబ్బ తింటుంది.

ఇందులో పని చేసేది సుత్తి అంచూ, జల్లెడ కన్నాల అంచూ. మిగతా ఇనుమంతా ఆ అంచుల్ని మోసే బోయీలు. అంచు నిక్కచ్చిగా ఉన్నంత కాలం గింజ పగులుతుంది. అంచు గుండ్రమైతే గింజ పగలకుండా పక్కకి జారుతుంది, మిల్లులో చుట్లు కొడుతుంది, వేడెక్కుతుంది. మోటారు మాత్రం కరెంటు తింటూనే ఉంటుంది. మా అమ్మమ్మగారింట్లో విసుర్రాయి నున్నబడితే "కక్కు పోయింది" అనేవారు. వీధిలో "రోళ్ళకు కక్కు కొడతాం" అని కేక వినిపిస్తే పిలిచి, ఉలితో గంట్లు కొట్టించేవారు. రాయి బరువు తగ్గలేదు, కొలత తగ్గలేదు, అయినా పిండి రాదు. హ్యామర్ మిల్లు జబ్బూ అదే. ఉలి పట్టుకుని వచ్చేవాడు లేడు, ముక్కలే మార్చాలి.

మార్చే ముందు తిరగేసి వాడుకోవచ్చు. చాలా సుత్తులకి రెండు కొసలా కన్నాలుంటాయి. ఇరుసు తిరిగే దిక్కు మారిస్తే రెండో అంచు పనికొస్తుంది, పట్టీని తలకిందులు చేస్తే ఇంకో రెండు. మొత్తం నాలుగు మూలలు. అయితే ఒక్కటే అరిగింది కదా అని ఆ ఒక్కటే మార్చకూడదు. ఎదురెదురు ఊచల మీద బరువులు సమానంగా లేకపోతే ఆ వేగంలో యంత్రం వణికి, బేరింగులు పోతాయి. ఫోర్‌మన్ విప్పిన సుత్తుల్ని బల్ల మీద అదే వరసలో పరిచేవాడు. మధ్యలోవి ఎక్కువా చివర్లవి తక్కువా అరిగితే, పైనించి గింజ వెడల్పంతా సమానంగా పడటం లేదని చెప్పేవాడు. మనం లాగ్ ఫైలు చదివినట్టు ఆయన ఆ వరస చదివేవాడు. నిజానికి మన లాగ్ ఫైళ్ళకంటే అందులో అబద్ధాలు తక్కువ.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. నాకూ వచ్చింది. అరగని లోహంతో చేసేస్తే గొడవ వదులుతుంది కదా?

జె. ఎఫ్. ఆర్చర్డ్ 1953లో ప్రచురించిన సూత్రం ఒకటుంది. ఒరుసుకునే రెండు ఉపరితలాల్లో పోయే పదార్థం పరిమాణం, వాటి మధ్య ఒత్తిడిని బట్టీ ఒరుసుకున్న దూరాన్ని బట్టీ పెరుగుతుంది, ఉపరితలం కాఠిన్యాన్ని బట్టి తగ్గుతుంది. దీని ప్రకారం కాఠిన్యం పెంచుకుంటూ పోవటమే మందు. కాని లోహాల్లో రెండు గుణాలున్నాయి. ఒకటి గట్టితనం, అంటే గీత పడకపోవటం. రెండోది మొండితనం, అంటే దెబ్బ తిని కూడా పగలకపోవటం. గాజుకి గట్టితనం ఉంది, మొండితనం లేదు. చింతమొద్దుకి మొండితనం ఉంది, గట్టితనం అంతగా లేదు. మామూలుగా ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ ఇసుకకంటే గట్టిది. సుత్తి మొత్తం దాంతోనే చేస్తే, మొక్కజొన్నతో పాటు ఒక బోల్టు జారి లోపల పడ్డ రోజున పెంకుల్లా పగులుతుంది. అందుకని మొండి ఉక్కుతో పట్టీ చేసి, కొసన మాత్రం కార్బైడ్ రేణువుల్ని వెల్డింగుతో పూతలా వేస్తారు. మిల్లుకి ముందు అయస్కాంతం పెట్టేది కూడా ఆ బోల్టుల కోసమే. అవి నిప్పురవ్వలు పుట్టిస్తే ధాన్యపు దుమ్ము అంటుకునే ప్రమాదం వేరే ఉంది.

రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన మాంగనీస్ ఉక్కు ఇంకో విచిత్రం. దెబ్బలు తినేకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది. రాళ్ళు పగలగొట్టే క్రషర్లకి అది వరం. సరే, దాణా మిల్లుకీ తెద్దామంటే కుదరదు. మొక్కజొన్న గింజ కొట్టే దెబ్బ దాన్ని గట్టిపరచటానికి చాలదు, అరగదియ్యటానికి మాత్రం సరిపోతుంది. కేటలాగులో "అత్యంత మన్నికైనది" అని చూసి కొంటే జరిగేదిది. మన్నిక లోహం ఒక్కదాని గుణం కాదు. ఏ లోహం, ఏ సరుకు, ఎంత దెబ్బ అన్న మూడింటి మధ్య బేరం అది.

ఇక నన్ను ముంచిన డై సంగతి. పొడి చేసిన దాణాకి ఆవిరి పట్టి, సుమారు 80 డిగ్రీల వేడిలో మెత్తబరచి, తిరుగుతున్న ఈ ఉక్కు కంకణం లోపలికి వదులుతారు. లోపల రెండో మూడో రోలర్లుంటాయి. అవి దాణాని కంకణం గోడకున్న వేల కన్నాల్లోకి నొక్కుతాయి. బయటికి పుల్లల్లా వచ్చినదాన్ని కత్తి కోస్తుంది, అవే గుళికలు. జంతికల గొట్టం గుర్తు తెచ్చుకోండి. తేడా ఏమిటంటే, జంతికల బిళ్ళ పల్చన కాబట్టి పిండి సులువుగా జారుతుంది. ఇక్కడ కన్నం ఒక పొడుగాటి సొరంగం. ఆ గోడల రాపిడే దాణాని బిగించి గుళికగా చేస్తుంది. కాబట్టి అసలు సంగతి కన్నం వ్యాసం కాదు, పొడవుకీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి.

ఫోర్‌మన్ టార్చి వేసి చూపించింది ఇదే. రెండు డైల మందమూ 65 మిల్లీమీటర్లే. కాని మొదటిదానికి బయటివైపునించి 20 మిల్లీమీటర్ల మేర కన్నాల్ని వెడల్పు చేసి ఉంచారు. బలం కోసం మందం ఉండాలి, రాపిడి మాత్రం తక్కువ కావాలి, అందుకని. అంటే దాణాని నిజంగా నొక్కే పొడవు 45 మిల్లీమీటర్లే, నిష్పత్తి 11 చిల్లర. నేను కొనిపించినదానికి ఆ వెడల్పు లేదు. 65 మిల్లీమీటర్లూ నొక్కుడే, నిష్పత్తి 16 పైన. ఆ మిల్లు దాణా అంత రాపిడిని తోసుకుని బయటికి రాలేదు. అదే నిష్పత్తి మరీ తక్కువైతే ఇంకో తంటా, గుళికలు లారీలోనే పొడైపోతాయి. నా టేబుల్లో వ్యాసానికీ మందానికీ గడులున్నాయి. ఆ నొక్కే పొడవుకి గడి లేదు. లేని గడిని ఏ క్వెరీ అడుగుతుంది?

ఇంకో గడీ లేదు, అది లోహానిది. డైలు ముఖ్యంగా రెండు రకాల ఉక్కుతో వస్తాయి. ఒకటి, పైపొరకి కార్బన్ పట్టించి గట్టిపరచిన అలాయ్ ఉక్కు. దాని లోపల మొండిగా ఉంటుంది కాబట్టి దెబ్బలకి ఓరుస్తుంది, కాని ఆ పైపొర అరిగాక ఆయుష్షు తొందరగా పోతుంది. రెండోది సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు. అది లోపలిదాకా గట్టిపడుతుంది, తుప్పుకి లొంగదు, కన్నాలు నునుపుగా ఉంటాయి, కాని బిగింపు వదులైనా బోల్టు పడినా నెర్రె ఇచ్చే ప్రమాదం ఎక్కువ.

ఆ గురువారం రాత్రి ఇంకో తప్పు కూడా జరిగిందట, అది నాది కాదని తెలిసి కొంచెం సంతోషించాను. కొత్త డైకి పాత రోలర్లే ఉంచేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. పాత డై ఎక్కడెక్కడ పల్లం పడిందో దానికి తగ్గట్టు రోలర్ల పైతొడుగులు అరుగుతాయి. వాటిని చదునైన కొత్త డైకి బిగిస్తే కొన్ని చోట్ల గట్టిగా తగులుతాయి, కొన్ని చోట్ల తగలవు. రోలర్ డైని తాకీ తాకనట్టుండాలి, సందు మిల్లీమీటరులో కొద్ది వంతులే. మరీ ఒత్తితే ఇనుము మీద ఇనుము పొర్లి కన్నాల నోళ్ళు పూడుకుపోతాయి. మరీ వదిలేస్తే రోలర్ జారి దాణా ముద్ద కడుతుంది. అందుకే కొత్త డైకి కొత్త తొడుగులు అన్నది ఆ ఇంట్లో శాసనం. కొత్త డైని నూనే తవుడూ సన్నటి ఇసకా కలిపి కొంతసేపు నడిపి నునుపు చేసుకోవటం, ఆపేటప్పుడు కన్నాల్లో నూనె కలిపిన దాణా నింపి ఆపటం, ఇవన్నీ ఏ మాన్యువల్ చదవకపోయినా అక్కడి కుర్రాళ్ళందరికీ వచ్చు. నూనె లేకుండా ఆపితే లోపల దాణా ఎండి ఇటికైపోతుంది.

ఇంతకీ ముక్కని ఎప్పుడు మార్చాలి? నేను మొదట మెయింటెనెన్సు మాడ్యూల్లో "90 రోజులకొకసారి" అని పెట్టాను. ఫోర్‌మన్ నవ్వాడు. క్రిస్మస్ సెలవుల్లో ఆగిన యంత్రం అరగదు, డబుల్ షిఫ్టు నడిచిన వారం రెండింతలు అరుగుతుంది. లెక్క రోజుల్లో కాదు, టన్నుల్లో ఉండాలి. అది మార్చటం సులువే. కాని ఎన్ని టన్నులకి? ఆయన అంచుని బొటనవేలితో తడిమి చెప్పేవాడు. నా దగ్గర బొటనవేలికి గడి లేదు. అందుకని ఒక వారాంతం కూర్చుని లెక్క కట్టాను. అంకెలు నేను వేసుకున్నవి, మీ మిల్లుకి మీవి వేసుకోండి.

సుత్తుల సెట్టు 1,200 డాలర్లు. కొత్తగా ఉన్నప్పుడు టన్నుకి 6 యూనిట్ల కరెంటు. అరిగేకొద్దీ ప్రతి 5,000 టన్నులకీ టన్ను మీద ఇంకో యూనిట్ చొప్పున పెరుగుతుంది. యూనిట్ 8 సెంట్లు. తొందరగా మారిస్తే సెట్టు ధర కొద్ది టన్నుల మీద పడుతుంది. ఆలస్యంగా మారిస్తే అదనపు కరెంటు పేరుకుపోతుంది. రెండూ కలిపి టన్నుకి అతి తక్కువ ఖర్చయ్యే చోటు సుమారు 12,250 టన్నులు, అక్కడ టన్నుకి 19.6 సెంట్లు. ఇంకా బాగానే తిరుగుతోంది కదా అని 20,000 దాకా లాగితే 22 సెంట్లవుతుంది. ఈఆర్‌పీలో పనిచేసే వాళ్ళకి ఈ వర్గమూలపు లెక్క ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. 1913లో ఫోర్డ్ హారిస్ ఇచ్చిన ఆర్డరు పరిమాణపు సూత్రానికి ఇది చుట్టమే.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కరెంటు వాడకం ఇలా సరళరేఖలా పెరిగేటట్టయితే, సరిగ్గా ఆ 12,250 టన్నుల దగ్గర, అప్పటిదాకా అదనంగా కాల్చిన కరెంటు మొత్తం 1,200 డాలర్లవుతుంది. అంటే అదనపు కరెంటు ఖర్చు సెట్టు ధరతో సమానమైన రోజున సెట్టు మార్చాలి. దీనికి వర్గమూలాలూ అక్కర్లేదు, బొటనవేలూ అక్కర్లేదు.

ఇదే లెక్కలో ఖరీదైన సెట్టుని పెట్టి చూడండి. సగం వేగంతో అరిగే పూత సుత్తులు 1,800 డాలర్లకి దొరికితే టన్ను ఖర్చు 17 సెంట్లకి దిగుతుంది. 2,400 డాలర్లయితే మళ్ళీ 19.6 సెంట్లే. రెట్టింపు ధరకి రెట్టింపు ఆయుష్షు అంటే ఇనుము మీదా కరెంటు మీదా మిగిలింది సున్నా, మిల్లు ఆపాల్సిన సార్లు సగమవటమే లాభం. రాత్రిళ్ళు ఖాళీగా ఉండే మిల్లుకి ఆ లాభం లెక్కలోకి రాదు. 24 గంటలూ నడిచే మిల్లుకి అదే అసలు లాభం. ఫోర్‌మన్ దీన్ని రెండుసార్లు చదివి, "నా బొటనవేలు ఇంచుమించు ఇదే చెబుతోంది" అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్ నాకు ఈ వృత్తిలో రాలేదు.

తరవాతి ఏడాది ఈ కథ ఫోన్లో మా మావయ్యకి చెప్పాను. ఆయనకి భీమవరం దగ్గర చేపల చెరువులకి మేత చేసే చిన్న మిల్లుంది. నీళ్ళలో మునిగే రకం గుళికలు చేస్తాడు. నూనె తీసిన తవుడు ముఖ్యం, పత్తి చెక్కా, వేరుశనగ చెక్కా కొంత.

"ఒరే అల్లుడూ, ఆ అమెరికా డై ఏదో నాకూ ఒకటి పంపు. ఇక్కడివి ఇట్టే అరిగిపోతన్నాయి" అన్నాడు.

"మావయ్యా, అది మొక్కజొన్న మిల్లు. మీది తవుడు. తవుట్లో ఊక ఎంత కలిసొస్తోంది?"

"హల్లరు తవుడైతే ఊక ఉండదేటి? చవగ్గా వత్తాది గందా."

అదీ సంగతి. వరి ఊకని కాలిస్తే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలా భాగం సిలికా. మొక్కజొన్నతో పోలిస్తే మా మావయ్య తన డైకి రోజూ గరుకు కాగితం తినిపిస్తున్నట్టు లెక్క. అరకన్సా డై తెచ్చి బిగిస్తే ఆయన మేతకి నిష్పత్తి కుదరకపోవచ్చు. ఆయనకి కావలసింది అమెరికా ఉక్కు కాదు, తవుడు కొనేటప్పుడు అందులో ఊక ఎంతో చూసుకోవటం, తన మేతకి తగ్గ నొక్కే పొడవు రాసిచ్చి డై చేయించుకోవటం. చవక తవుడు మీద మిగిలిన డబ్బూ, దానివల్ల ముందుగా కొనాల్సొచ్చిన డై డబ్బూ పక్కపక్కన వేసి చూడమన్నాను. చూశాడు. కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత ఎలక్ట్రీషియన్ని పిలిచి పొడి కొట్టే మిల్లు మోటారుకి విడిగా మీటరు పెట్టించాడు. గోడ మీద సుద్దముక్కతో రోజూ రెండు అంకెలు రాయిస్తున్నాడు, ఎన్ని బస్తాలు, ఎన్ని యూనిట్లు. కొత్త బీటర్లు వేసిన రోజు అంకెని పైన ఎర్రరంగుతో రాసి ఉంచాడు. దాన్ని మించిన యూనిట్లన్నీ కూడుతూ పోతాడు. ఆ కూడిక బీటర్ల సెట్టు ధరని చేరిన రోజున మార్చాలని కుర్రాళ్ళకి ఆర్డరు. మొదటిసారి మార్చినప్పుడు గోడ ఫొటో వాట్సాప్‌లో పంపాడు. నేను దాన్ని ఆర్కన్సా ఫోర్‌మన్‌కి పంపితే, తెలుగు అంకెల పక్కన ఏముందో చదవలేకపోయినా, గీత ఎటు పోతోందో అర్థమైందని రాశాడు.

మొన్న ఆదివారం మావయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "అల్లుడూ, కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద ఆడిత్తన్నాం. అప్పుడు యూనిట్ ఖరీదు రెండింతలు పైనే. అది ఏ రేటుకి కట్టాలి?" అన్నాడు. మంచి ప్రశ్న. నా లెక్కలో యూనిట్ ధరకి ఒక్కటే గడి ఉంది. ప్రస్తుతానికి ఆ రోజులవి వేరే రంగు సుద్దతో రాయమన్నాను.